మాత్ర వేసుకుంటే మానినట్టు కాదా?

గుంటూరులో తాగుడు మానే వైద్యం తీసుకుంటున్నప్పుడు జబ్బు కంటే ఎక్కువగా నన్ను ఊగిసలాడించింది ఒక సోషల్ వర్కర్ మాట. "ఎన్నాళ్లు మాత్రల మీద బతుకుతావు తమ్ముడూ, మనసు గట్టి చేసుకో" అనేవారాయన. ప్రేమగానే అనేవారు. కానీ అది ప్రాణం మీదకు తెచ్చే మాట.

ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు ఉన్నట్టుండి ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక కొందరికి మతి తప్పుతుంది, గోడ మీద లేని పురుగులు కనిపిస్తాయి. అందుకే లోరాజెపామ్‌లాంటి నరాలను శాంతపరిచే మందులు ఇచ్చి, డోసు రోజురోజుకీ తగ్గిస్తారు. గ్లూకోజ్ సెలైన్ కంటే ముందు థయామిన్ (విటమిన్ బి1) పడాలి, లేదంటే మెదడు దెబ్బతినవచ్చు. ఇందులో మనోబలం చేసేదేమీ లేదు.

అసలు పరీక్ష ఇంటికొచ్చాకే. తాగాలనే కోరికను తగ్గించే అకాంప్రోసేట్ 333 మి.గ్రా. మాత్రలు సాధారణంగా పూటకు రెండు, మూడు పూటలా వేసుకోవాలి. ముందుగా కిడ్నీ పరీక్ష చేయించాలి. దీనికి అలవాటు పడిపోవడం ఉండదు. తప్పిపోయేది మధ్యాహ్నం డోసే. మిర్చి యార్డులో బస్తాలు మోసేవాడికి ఒంటిగంటకి మాత్ర ఎలా గుర్తుంటుంది? అన్నం క్యారేజీ మూత కిందే రెండు మాత్రలు పెట్టమని ఇంకో కౌన్సెలర్ మేడమ్ చెప్పారు. నా దృష్టిలో సోషల్ వర్క్ అంటే అదీ. నాల్‌ట్రెక్సోన్ (ఇదీ తాగాలనే కోరికను తగ్గించేదే) 50 మి.గ్రా. వాడేవాళ్లను ఆవిడ ముందు అడిగేది ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడుతున్నారా అని. ఆ రెండూ కలవకూడదు. అకాంప్రోసేట్, నాల్‌ట్రెక్సోన్ రెండింటినీ 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఇంకా వీటిని ఊతకర్ర అని తీసిపారేస్తే ఎలా?

డైసల్ఫిరామ్ మాత్ర సంగతి వేరు. అది వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం. మాత్ర ఆపిన రెండు వారాల వరకూ ఆ ప్రమాదం ఉంటుంది. కొన్ని దగ్గు సిరప్‌లలో ఉండే ఆల్కహాలు కూడా చాలు. చివరి గ్లాసు తర్వాత కనీసం 12 గంటలు ఆగి, రోగికి చెప్పి, ఒప్పించాకే మొదలుపెట్టాలి. "పప్పులో కలిపేయండమ్మా, తెలియదులే" అని ఇల్లాలికి చెప్పే సలహా ఎవరిచ్చినా దయచేసి వినకండి.

కౌన్సెలింగ్‌కి వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లండి. ఎన్ని మిగిలాయో, ఎందుకు మిగిలాయో అడిగే మనిషి దొరికితే వదులుకోకండి. ఆపేయమని ఎవరైనా అంటే, ముందు రాసిన డాక్టరుని అడగండి. దిక్కు తోచకపోతే మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.