నాన్న కాలిక్యులేటర్ మళ్లీ వెలిగింది

ఇవాళ మధ్యాహ్నం నాన్న హెచ్‌పీ-25 మళ్లీ వెలిగింది. 1975లో వచ్చిన మోడల్, బాబాయి అమెరికా నుంచి తెచ్చిచ్చాడు. పాత సెల్స్ కారిపోయి ఉన్నాయి. కాంటాక్టుల మీద పట్టిన పచ్చటి చిలుము వెనిగర్‌తో తుడిచి, కొత్త రీచార్జబుల్ సెల్స్ రెండు వేశాను. ఎర్రటి అంకెలు కనపడగానే గొంతు పట్టేసింది.

దీనికి 'ఈజీక్వల్ టు' బటనే ఉండదు. 2, ఎంటర్, 3, ప్లస్ నొక్కితే చాలు, 5 వస్తుంది. ప్రోగ్రామ్‌కి 49 స్టెప్పులే చోటు. అదీ స్విచ్ ఆపేస్తే మొత్తం చెరిగిపోతుంది. అందుకే కాలువల డిజైన్ చేసే రోజుల్లో నాన్న రోజూ పొద్దున్నే కాలువలో నీటి వేగం లెక్కగట్టే మానింగ్ ఫార్ములా మొదటినుంచి కొట్టుకునేవారు. బటన్ల వైపు చూసేవారు కూడా కాదు.

ఆయన డైరీలో ఆ స్టెప్పులన్నీ పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. ఒక్కొక్కటే చూసి ఎక్కించాను. కాలువ గరుకుదనం 0.025, హైడ్రాలిక్ రేడియస్ (నీటి అడ్డుకోత వైశాల్యాన్ని తడిసే చుట్టుకొలతతో భాగిస్తే వచ్చేది) 1 మీటరు, వాలు 0.0004. ప్రోగ్రామ్ నడిపించే ఆర్/ఎస్ బటన్ నొక్కాను. అంకెలు ఒక్క క్షణం మినుకుమన్నాయి.

0.80. సెకనుకు 0.80 మీటర్లు. డైరీ మార్జిన్‌లో నాన్న రాసుకున్నదీ అదే.