రొయ్యల గుంటల యాప్: వికెట్‌లో ఫామ్ రూపం మార్చడం ఎంతవరకు వచ్చిందంటే

ఇందుకూరుపేట వైపు బాబాయికి రొయ్యల గుంటలున్నాయి. వాటి లెక్కల కోసం రాస్తున్న చిన్న వెబ్ యాప్‌లో ఈమధ్య పనంతా ఫామ్ మీదే. వాడుతున్నది అపాచీ వికెట్ 10 (జావాతో వెబ్ యాప్‌లు కట్టే ఫ్రేమ్‌వర్క్), జావా 17. గుంట నంబరు, పీహెచ్, సెలినిటీ (నీటి ఉప్పదనం), డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్), వేసిన మేత, చెక్ ట్రేలో (రొయ్యలు ఎంత తిన్నాయో చూడ్డానికి గుంటలో దించే పళ్లెం) మిగిలిన మేత: ఇవి రోజూ నింపాలి. లెక్కలు సేవ్ కావడం ఎప్పుడో కుదిరింది. కానీ ఎండలో గట్టు మీద నిలబడి ఫోన్‌లో కొట్టేవాళ్లకు ఆ సన్నటి డబ్బాలు ఆనవు. ఏదైనా తప్పు పడితే మెసేజ్ పేజీ పైన ఎక్కడో ఇంగ్లీషులో వస్తుంది. "ఏందబ్బయ్యా, ఇది నన్ను తిడతా ఉందా?" అన్నాడు బాబాయి.

అందుకని ప్రతి ఫీల్డుకూ ఒకే రూపం అనుకున్నా. పైన తెలుగు లేబుల్, మధ్యలో పెద్ద డబ్బా, దాని కిందే తప్పు మెసేజ్. అదీ ప్రతి పేజీలో విడిగా రాయకుండా.

వికెట్‌లో దీనికి మొదట తట్టేది బిహేవియర్, అంటే కాంపొనెంట్‌కు (డబ్బా, బటన్ లాంటి పేజీ భాగం) బయటి నుంచి తగిలించే కోడ్ ముక్క. ఆన్‌కాంపొనెంట్‌ట్యాగ్ అనే మెథడ్‌లో ట్యాగ్ చేతికొస్తుంది, దానికి కావాల్సిన క్లాసులు, ఆట్రిబ్యూట్లు తగిలించొచ్చు. అప్లికేషన్ మొదలయ్యేటప్పుడే ఇన్‌స్టాన్షియేషన్ లిజనర్ (కాంపొనెంట్ పుట్టేటప్పుడు వికెట్ పిలిచే కోడ్) పెడితే పుట్టిన ప్రతి ఫామ్ కాంపొనెంట్‌కూ ఈ బిహేవియర్ దానంతటదే అతుక్కుంటుంది. ఇక్కడ రెండు సంగతులు. వికెట్ దృష్టిలో బటన్ కూడా ఫామ్ కాంపొనెంటే, దాన్ని వదిలేయమని షరతు పెట్టాలి. రెండోది, లిజనర్‌ను పిలిచే సమయానికి కాంపొనెంట్ కన్‌స్ట్రక్టర్ (దాన్ని తయారుచేసే కోడ్) ఇంకా పూర్తికాదు. కాబట్టి లేబుల్, మోడల్ (ఫీల్డు విలువను దాచుకునేది) లాంటివి అక్కడ అడగకూడదు, రెండర్ అయ్యేటప్పుడు, అంటే హెచ్‌టీఎంఎల్‌గా రాసేటప్పుడు అడగాలి.

బిహేవియర్‌లో బిఫోర్‌రెండర్, ఆఫ్టర్‌రెండర్ కూడా ఉన్నాయి. వాటిలో నేరుగా రెస్పాన్స్‌లోకి ఒక డివ్ తెరిచి, తర్వాత మూసేయొచ్చు. చూడ్డానికి ఎంతో సులువు. కానీ అజాక్స్‌తో (పేజీ మొత్తం కాకుండా కొంత భాగమే మార్చే పద్ధతి) ఆ ఫీల్డును రిఫ్రెష్ చేస్తే, పేజీలో మారేది ఐడీ ఉన్న ఇన్‌పుట్ ట్యాగ్ మాత్రమే. కొత్తగా వచ్చే హెచ్‌టీఎంఎల్‌లో మాత్రం డివ్ కూడా ఉంటుంది. దాంతో సేవ్ నొక్కిన ప్రతిసారీ ఉల్లిపొరల్లాగా డివ్ లోపల డివ్ చేరుతుంది. పైగా మెసేజ్‌ను మనమే రాస్తే, వాడినవాళ్లు కొట్టిన అక్షరాలు అందులో రావచ్చు కాబట్టి ఎస్కేప్ చేయడమూ (అవి హెచ్‌టీఎంఎల్‌గా పనిచేయకుండా మార్చడం) మన పనే. మెసేజ్ చూపించేశామని మార్క్ చేయకపోతే లాగ్‌లో హెచ్చరికలు వస్తూనే ఉంటాయి.

అందుకే చుట్టూ ఉండే చట్రాన్ని బోర్డర్ అనే కాంపొనెంట్‌కు అప్పగించా. బోర్డర్‌కు సొంత హెచ్‌టీఎంఎల్ ఫైల్ ఉంటుంది. లేబుల్, అసలు ఫీల్డు వచ్చే చోటు, దాని కింద ఫీడ్‌బ్యాక్ ప్యానెల్ (మెసేజ్‌లు చూపే భాగం), అన్నీ అందులోనే. అజాక్స్‌లో ఫీల్డును కాకుండా బోర్డర్‌నే రిఫ్రెష్ చేస్తే డివ్‌లు పేరుకోవు. ఎస్కేపింగ్, మార్కింగ్ ప్యానెలే చూసుకుంటుంది. లేబుల్‌కు ఫామ్‌కాంపొనెంట్‌లేబుల్ వాడితే, లేబుల్ మీద వేలు పెట్టినా కర్సర్ డబ్బాలోకి వెళ్తుంది. పేజీ పైనా, ఫీల్డు కిందా ఒకే మెసేజ్ రెండుసార్లు రాకుండా రెండు చోట్లా ఫెన్స్‌డ్ (కంచె వేసిన) ఫీడ్‌బ్యాక్ ప్యానెలే పెట్టాలి. పైది మామూలు ప్యానెల్ అయితే కంచె పనిచేయదు. నా మటుకు ఇదే పద్ధతి: చట్రం బోర్డర్‌లో, ట్యాగ్ మీది ఆట్రిబ్యూట్లు బిహేవియర్‌లో. జావా స్ట్రింగుల్లో హెచ్‌టీఎంఎల్ అల్లడం తర్వాత ఎవరు చదివినా కంపరంగానే ఉంటుంది.

నంబర్ల డబ్బాకు టైప్ నంబర్ అని పెట్టలేదు. "7..8" అని పొరపాటున కొడితే బ్రౌజర్ దాన్ని ఖాళీ విలువగా లెక్కేస్తుంది. బ్రౌజర్ సొంత తనిఖీ ఆపేసి ఉంటే సర్వర్‌కు ఖాళీయే చేరి, "పీహెచ్ తప్పనిసరి" అని మెసేజ్ వస్తుంది. నింపిన మనిషికి అది అన్యాయంగా కనిపిస్తుంది. మామూలు టెక్స్ట్ ఫీల్డు ఉంచి, ఇన్‌పుట్‌మోడ్ డెసిమల్ అని బిహేవియర్‌లో తగిలిస్తే ఫోన్‌లో అంకెల కీప్యాడే వస్తుంది.

బాగా నచ్చింది పసుపు రంగు. రొయ్యలకు పీహెచ్ 7.5 నుంచి 8.5 మధ్య ఉంటే మంచిది, డీఓ 4 పీపీఎం కంటే తగ్గకూడదు. అలాగని వాలిడేటర్‌లో (కొట్టిన విలువను తనిఖీ చేసే కోడ్) ఆ హద్దులే పెడితే, నిజంగా నీళ్లు చెడిన రోజు ఆ రీడింగ్‌నే యాప్ తీసుకోదు. తెల్లవారుజామున డీఓ 3కి పడిపోయిందంటే అదే కదా ముఖ్యంగా రాసుకోవాల్సింది! అందుకే పీహెచ్ వాలిడేటర్‌లో 0 నుంచి 14, అంతే. మంచి హద్దు దాటితే బిహేవియర్ పసుపు క్లాస్ తగిలిస్తుంది, సేవ్‌ను ఆపదు. ఫామ్‌లో ఒక్క ఫీల్డు తప్పినా మిగతావాటి మోడళ్లు కూడా అప్‌డేట్ కావు. కాబట్టి అప్పుడు మోడల్ విలువ కాకుండా కన్వర్టెడ్ ఇన్‌పుట్ (కొట్టినదాన్ని నంబరుగా మార్చిన విలువ) చూసి రంగు వేయాలి.

చెక్ ట్రే ఫీల్డులో ఒకటి ఎంచుకునే బటన్లకు రేడియోచాయిస్ వదిలేసి రేడియోగ్రూప్ తీసుకున్నా. మొదటిదాంట్లో ఒక్కో బటన్‌నూ, దాని లేబుల్‌నూ వికెట్టే రాసేస్తుంది, మన బిహేవియర్ బయటి ట్యాగ్‌కే అంటుతుంది. గ్రూప్‌లో అయితే "ఖాళీ", "కొంచెం", "సగం" అని పెద్ద పలకలు మనమే వేసుకోవచ్చు.

తెలుగు మెసేజ్‌ల ఫైల్ పేరు యూటీఎఫ్8 డాట్ ప్రాపర్టీస్ అని ముగియాలి. ఉత్త ప్రాపర్టీస్ ఫైల్‌ను వికెట్ పాత లాటిన్ ఎన్‌కోడింగ్‌లో చదివి అక్షరాలను చెడగొడుతుంది. గుంటల లిస్టులో వచ్చే "చూజ్ వన్" కూడా ఇక్కడే "నల్" అనే కీతో మారుతుంది.

మిగిలింది సెషన్ (వాడేవాళ్ల పేజీని సర్వర్ గుర్తుంచుకునే గడువు) గొడవ. పొద్దున తెరిచిన పేజీలో సాయంత్రం సేవ్ నొక్కితే పేజీ ఎక్స్‌పైర్డ్ అంటుంది, టామ్‌క్యాట్ సర్వర్‌లో డిఫాల్ట్ గడువు 30 నిమిషాలే. ఈ ఒక్క ఫామ్‌ను స్టేట్‌లెస్ ఫామ్‌గా (సెషన్‌లో పేజీని దాచుకోనిది) మార్చి చూడాలి. అజాక్స్ సేవ్ కూడా స్టేట్‌ను పట్టుకునే ఉంటుంది కాబట్టి, ఈ పేజీలో మళ్లీ మామూలు సబ్మిట్‌కే వెళ్తాను.