సెట్, సెట్, సెట్

"మన పదో తరగతి బ్యాచ్ సంచికకి ఏదో ఒకటి రాసివ్వరా, ఆదివారం లోగా" అని గోళీసోడా మూడోసారి ఫోన్ చేశాడు. కమిటీ, కమిటీ అంటున్నాడు గాని ఆ కమిటీ అంతా వాడొక్కడేనని మనకు తెలీదా. బళ్లో గడిపిన ఐదేళ్ల గురించీ రాయమన్నాడు. ఆరు, ఏడు, ఎనిమిది నాకు బొత్తిగా గుర్తులేవు, ఏదో వాన, ఏదో జామచెట్టు, అంతే. తొమ్మిది సంగతి బొంగరం రాస్తానన్నాడట, రాయకపోతేనే మంచిది. నాకు మిగిలిందల్లా పదిలో ఇంగ్లీషు మాస్టారు ఒకే ఒక్క మాట మీద చెప్పిన తొమ్మిది రోజుల పాఠం.

మొదలైంది మామూలుగానే. వెర్బులు అప్పజెప్పించుకుంటున్నారు. కట్ కట్ కట్, పుట్ పుట్ పుట్, సెట్ సెట్ సెట్. మూడు రూపాలూ ఒకటే కాబట్టి ఇవంటే మనకి ప్రాణం. అప్పుడు పొట్టి లేచి "సెట్ అంటే ఏంటండీ" అన్నాడు. పీరియడ్ గడపడానికే అడిగాడని మాస్టారికీ తెలుసు. అయినా సుద్దముక్క పక్కన పెట్టి, కుర్చీలో కూర్చుని "ఇది సిట్" అన్నారు. లేచొచ్చి పొట్టిని రెక్క పట్టుకుని మొదటి బెంచీలో కూలేసి "ఇది సెట్" అన్నారు. కూర్చోవడం సిట్, కూర్చోబెట్టడం సెట్. ఇదంతా మాస్టారి చమత్కారమే అనుకున్నాను చాలాకాలం. పాత ఇంగ్లీషులో ఆ మాట పుట్టుక నిజంగానే అదట.

ఇక అక్కణ్నుంచి ఆగలేదు. పొద్దు గుంకితే సెట్, పాలు తోడుకుంటే సెట్, నిప్పు పెడితే సెట్, ఉంగరంలో రాయి పొదిగితే సెట్, మామిడి పూత నిలిచి పిందె కడితే సెట్, అలారం పెట్టుకుంటే సెట్, పంజరంలో చిలకని వదిలేస్తే కూడా సెట్ ఫ్రీ. జామచెట్టు మీంచి పడి పుత్తూరు కట్టుతో వచ్చిన వాణ్ని (పేరు చెప్పను, ఇప్పుడు పెద్దమనిషి) బల్ల మీద నిలబెట్టి, ఎముక సరిచేసి అతికించడమూ సెట్టేరా అని వాడి చెయ్యి అందరికీ చూపించారు. మనకి ఒక్కో పనికి ఒక్కో మాట ఉంది, వాళ్లు పాపం ఒక్కదాన్నే అన్ని పొలాలకీ తోలుతున్నారు అనేవారు. పక్క క్లాసులోంచి లెక్కల మాస్టారు తల పెట్టి "సమితి కూడా సెట్టేనండీ" అంటే, "అది వేరే సెట్టు, దాని తాతలు లాటిన్ వాళ్లు" అని తిప్పి పంపారు. ఇదీ నిజమేనని తర్వాత చూసుకున్నాను.

ఆ వారమే ఆటల పోటీలు. డ్రిల్లు మాస్టారు "గెట్ సెట్" అనగానే బొంగరం చెయ్యెత్తి, ఇది ఎన్నో సెట్టండీ అని అడిగాడు. తర్వాత జరిగింది మీకు తెలుసు, ఇంకా వీపు తడుముకుంటాడు. డ్రిల్లు మాస్టారు ఇంగ్లీషు మాస్టారితో సంక్రాంతి దాకా మాట్లాడలేదు. నాన్‌డిటైల్ సగంలోనే ఉండిపోయింది, ఆ ముక్క ఎవరం ఎలా గట్టెక్కామో దేవుడికే తెలియాలి.

ఆ తర్వాత మన బ్యాచ్ మొత్తం సెట్ల పాలయింది. ఎంసెట్ రాసినవాళ్లు నలుగురు, ఐసెట్ ఒకడు, లాసెట్ రాసి పొట్టి ప్లీడరైపోయాడు, ఎడ్‌సెట్ రాసి మన ముందు బెంచీ ఆవిడ ఇవాళ అదే బళ్లో పాఠం చెబుతోంది. నాది ఈసెట్, కాకినాడలో డిప్లొమా అయ్యాక. ఆ డిప్లొమాలోనే సిమెంటు దగ్గర మాస్టారు మళ్లీ తగులుకున్నారు. సాధారణ సిమెంటు నీళ్లు కలిపాక 30 నిమిషాల లోపు బిగుసుకోవడం మొదలుకాకూడదు, 600 నిమిషాలు దాటేలోగా పూర్తిగా బిగుసుకోవాలి, ల్యాబులో సూది దింపి చూస్తాం. మిగతావాళ్లు బట్టీ పట్టారు, నాకు మాత్రం పెరుగు తోడుకోవడం గుర్తొచ్చింది. సిమెంటు ఎండి గట్టిపడుతుందని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. ఎండి కాదు, నీళ్లతో కలిసి మారిపోయి. అందుకే సెట్ అయ్యాక కూడా స్లాబు మీద నీళ్లు నిలబెడతాం.

మస్కట్‌లో పదకొండేళ్లు చేశాను. చేరిన కొత్తలో ఒక పెద్దాయన, అసలు సిసలు ఇంగ్లీషాయన, కొత్తగా వచ్చిన సెంట్రింగ్ మనుషులు ఎలా ఉన్నారని అడిగితే "నాట్ సెట్టింగ్, సార్" అన్నాను. కుదరడం లేదండీ అని నా ఉద్దేశం. ఆయన గడియారం చూసుకుని పోసిన కాంక్రీటు వైపు పరుగు తీశాడు. ఇంటికొస్తే ఇప్పుడు మా అమ్మాయి ప్రతి సంబంధానికీ "నాకు సెట్ అవ్వదు నాన్నా" అంటుంది. వాళ్లకి లేని ఈ అర్థం మనం కుట్టిపెట్టిందే. మాస్టారు దీన్ని తప్పనేవారో, లిస్టులో ఎక్కించుకునేవారో.

1989లో ఇరవై సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీలో అన్నిటికంటే పొడుగు సెట్టుదేనని ఆయన గొప్పగా చెప్పేవారు, గుర్తుందా? అప్పటికి అది నిజమే. తర్వాత తిరగరాస్తుంటే "రన్" దాన్ని దాటేసింది, క్రియగానే 645 అర్థాలు. అంటే చివరికి డ్రిల్లు మాస్టారే గెలిచారన్నమాట.

ఇది మాస్టారికి చెప్పలేకపోయాను. వైజాగ్‌లో నా టెస్టింగ్ ల్యాబ్ (పద్నాలుగు మంది పనిచేస్తారు, వచ్చినప్పుడు చూడండి) తెరిచేముందు కార్డు పట్టుకుని వెళ్లాను. అరుగు మీద ఉన్నారు. ఏం చేస్తున్నావురా అంటే, సిమెంటు సెట్ అయిందో లేదో చూస్తానండీ అన్నాను. చాలాసేపు నవ్వారు. "ఒకటి మీకు చెప్పడం మర్చిపోయానురా" అని నోట్లోంచి పళ్ల సెట్టు తీసి అరచేతిలో పెట్టి చూపించారు.