స్లోప్, ఇంటర్‌సెప్ట్ నాకు ఫిజిక్స్‌లో అర్థమయ్యాయి: నా ఈఏపీసెట్ ప్రిపరేషన్

కోరుకున్న ర్యాంకు వచ్చింది. ఆ సంతోషంలోనే రాస్తున్నాను. జూనియర్లు చాలామంది 1బీ (ఇంటర్ ఫస్టియర్ మ్యాథ్స్ రెండో పేపర్) ఎలా చదివావని అడుగుతున్నారు. నేను చెప్పేది అందులోని స్ట్రెయిట్ లైన్స్ (సరళరేఖలు) గురించి మాత్రమే, ఎందుకంటే నాకు మిగతావన్నీ అక్కడి నుంచే తెరుచుకున్నాయి.

వాలు-అంతరఖండ రూపం, అంతరఖండ రూపం, లంబరూపం... ఇంటర్ పబ్లిక్ కోసం ఇవి అందరికీ నోటికి వస్తాయి. నాకూ వచ్చేవి. కానీ స్లోప్ (వాలు) అంటే ఏమిటో నిజంగా తెలిసింది సెకండియర్‌లో, ఫోటోఎలక్ట్రిక్ ఎఫెక్ట్ (కాంతి పడితే లోహం నుంచి ఎలక్ట్రాన్లు బయటికి రావడం) గ్రాఫ్ దగ్గర. అడ్డంగా ఫ్రీక్వెన్సీ, నిలువుగా స్టాపింగ్ పొటెన్షియల్, అంటే ఆ ఎలక్ట్రాన్లను ఆపేసే వోల్టేజీ. సోడియంకి ఒక గీత, జింక్‌కి ఇంకో గీత, రెండూ సమాంతరం. ఎందుకు సమాంతరం? స్లోప్ అంటే ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ ఆవేశంతో భాగించగా వచ్చేది. అందులో లోహం ఊసే లేదు. మిల్లికన్ 1916లో ప్లాంక్ స్థిరాంకం విలువ రాబట్టింది కూడా ఈ వాలు నుంచే. లోహం మారితే మారేది ఇంటర్‌సెప్ట్ (అంతరఖండం, గీత అక్షాన్ని తాకే చోటు). గీత ఎక్స్ అక్షాన్ని తాకిన చోటు ఆరంభ పౌనఃపున్యం (ఎలక్ట్రాన్లు రావడానికి కావాల్సిన కనీస ఫ్రీక్వెన్సీ), కిందికి పొడిగిస్తే వై అక్షం మీద మైనస్ గుర్తుతో దొరికేది వర్క్ ఫంక్షన్‌ని (ఎలక్ట్రాన్‌ని లోహం నుంచి లాగడానికి కావాల్సిన కనీస శక్తిని) ఎలక్ట్రాన్ ఆవేశంతో భాగించిన విలువ.

ఆ రోజు రాత్రే 1బీ మళ్లీ తీశాను. 3ఎక్స్ + 4వై = 12కి సమాంతర రేఖ అంటే కుడి పక్కన సంఖ్య ఒక్కటే ఎందుకు మారుస్తామో అప్పుడు కళ్లకు కట్టింది. ఆ సమీకరణం చూడగానే గీత కనబడాలి: ఎక్స్ అక్షం మీద 4, వై అక్షం మీద 3, ఎడమ నుంచి కుడికి దిగుతోంది. కాబట్టి స్లోప్ −3/4, ప్లస్ ఉన్న ఆప్షన్లు అక్కడే పోతాయి. అక్షాలతో త్రిభుజం వైశాల్యం 6, మూలబిందువు నుంచి దూరం 12/5. అన్నీ ఒక్క బొమ్మలోనే.

కెమిస్ట్రీలో చర్యల వేగం గురించి వచ్చే ఆర్హీనియస్ గ్రాఫ్, జీరో ఆర్డర్, ఫస్ట్ ఆర్డర్ గ్రాఫ్‌లు కూడా ఇంతే. స్లోప్ దేన్ని చెబుతోంది, ఇంటర్‌సెప్ట్ దేన్ని చెబుతోంది అని అడుగుతూ పోండి.

ప్రతి లెక్కకీ బొమ్మ వేస్తుంటే, ఇలా అయితే సిలబస్ పూర్తి కాదని చాలామంది అన్నారు. నేను మెటీరియల్ తక్కువే చేశాను, నిజమే. కానీ 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చూడాలంటే ఫార్ములా వెతుక్కునే టైమ్ ఉండదు, బొమ్మ మెదిలితే చెయ్యి దానంతటదే కదులుతుంది. నా పద్ధతి నెమ్మది అని నేనెప్పుడూ ఒప్పుకోను. అయితే రోజూ కూర్చోవాలి. పండగైనా, చుట్టాలొచ్చినా, పొద్దున్నే ఫోన్ ముట్టకుండా తెల్లకాగితం మీద నాలుగు గీతలు గీయాలి. మూడ్ లేదనడం నేను ఒప్పుకోను. కూర్చుంటే మూడ్ అదే వస్తుంది.

చివరగా ఒక్క విషయం. లంబరేఖల వాలుల లబ్ధం −1 అని కళ్లు మూసుకుని వాడకండి. ఎక్స్ = 3, వై = 5 లంబంగానే ఉంటాయి, కానీ మొదటిదానికి వాలు నిర్వచించలేం. ఇచ్చిన బిందువు గుండా పోయే రేఖలు అడిగినప్పుడు నిలువు గీత కూడా సరిపోతుందేమో విడిగా చూసుకోండి.