రెండు ఫిల్ములు, ఒకే కవరు

వరంగల్‌లో పన్నెండేళ్లుగా ఎమ్మారై టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఈ వారం తీసిన ఒక స్కాన్ మాత్రం కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

బాబుకి తొమ్మిదేళ్లు. ఏడు నెలల కిందటా మా దగ్గరికే తెచ్చారు. ఎక్కాలు మరిచిపోతున్నాడని, చేతిలో గ్లాసు వదిలేస్తున్నాడని అన్నారు. ఆ స్కాన్ నార్మల్. ఇప్పుడు కొన్ని సెకన్లకోసారి ఉలిక్కిపడినట్టు ఒళ్లంతా అదురుతోంది, తల ముందుకు వాలుతోంది. అలా కదిలితే ఎమ్మారైలో బొమ్మ చెదిరిపోతుంది. మొదట తీసినవన్నీ పనికిరాలేదు. మత్తు డాక్టర్ వచ్చి నిద్రపుచ్చాక మళ్లీ మొదలుపెట్టాను.

ఫ్లెయిర్ అనే రకం ఎమ్మారై బొమ్మలో మెదడు లోపలి నీరు నల్లగా, దెబ్బతిన్న చోటు తెల్లగా కనిపిస్తుంది. తల వెనక భాగం తెర మీదికి రాగానే నా చెయ్యి ఆగిపోయింది. చూపుకి సంబంధించిన చోట రెండు వైపులా తెల్లటి మచ్చలు. కుడివైపు ఎక్కువ.

న్యూరాలజిస్టు చీటీలో ఎస్ఎస్‌పీఈ అనుమానమని ముందే రాశారు. తట్టు వైరస్ వల్ల వచ్చే మెదడు జబ్బు అది. మెదడు విద్యుత్ అలల్ని గీసే ఈఈజీ పరీక్షలో ఒకే తీరు పెద్ద అలలు, కొన్ని సెకన్ల తేడాతో మళ్లీ మళ్లీ వచ్చాయట. వెన్నునీటిలో తట్టు యాంటీబాడీలు బాగా ఎక్కువ.

ఎప్పుడో తగ్గిపోయిన తట్టు అది. ఒంటి మీద దద్దుర్లు పోయినా వైరస్ మెదడులో ఉండిపోయి, ఏళ్ల తర్వాత ఇలా బయటపడుతుంది. చాలా అరుదు. రెండేళ్లలోపు తట్టు వచ్చిన పిల్లలకే ఎక్కువ ముప్పు. పూర్తిగా నయం చేసే మందు లేదు.

"తొమ్మిదో నెల సూదికి ఇంకో పది రోజులుందనంగ తట్టొచ్చింది సార్" అంది వాళ్లమ్మ. కాసేపాగి, "మొన్న తీసినప్పుడు మంచిగనే ఉందన్నరు గద?"

రిపోర్టు గురించి నేను మాట్లాడకూడదు. "డాక్టర్ గారు చెప్తారమ్మా" అన్నాను.

అందరూ వెళ్లాక పాత స్కాన్ తెరిచాను. ఏదైనా వదిలేశానా అని ఒక్కో స్లైసూ చూశాను. ఎక్కడా మచ్చ లేదు. ఈ జబ్బు మొదట్లో ఎమ్మారై నార్మల్‌గా ఉండొచ్చు, ఈఈజీలో ముందే తెలియొచ్చు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా రెండుసార్లు చూశాను.

పొద్దున రెండు ఫిల్ములూ ఒకే కవర్లో పెట్టి, తారుమారు కాకుండా తేదీలు పెద్దక్షరాలతో రాసి, ఆమె చేతికిచ్చాను.