గండికోట చలి, హీటర్ లైటు

మా బావ కెనడాలోని విన్నిపెగ్ నుంచి వచ్చి అనంతపురంలో స్వెటర్ తొడుక్కుని తిరుగుతుంటే మా వీధివాళ్లు బాగా నవ్వుకున్నారు. మైనస్ ముప్ఫైలో కాపురం చేసే మనిషికి మన జనవరి చలి ఒక లెక్కా అని. బావ మాత్రం తగ్గలేదు. "అక్కడ చలి వాకిట్లో ఉంటుంది, మీకేమో పడకగదిలో ఉంది" అన్నాడు. నిజమే, మన ఇళ్లు ఎండాకాలం కోసం కట్టుకున్నవి.

సంక్రాంతి వెళ్లిన మూడో రోజు గండికోటకు బయల్దేరాం. అక్క, బావ, నేను, నా పదిహేడేళ్ల డీజిల్ కారు. ఆ కారు వారం రోజులుగా పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు వణికి, తెల్లటి పొగ వదిలి, తర్వాత సర్దుకుంటోంది. ముసలి బండి కదా, పొద్దున్నే దగ్గుతుందిలే అనుకుని వదిలేశాను.

తాడిపత్రిలో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. అక్కడి నాపరాళ్ల దుమ్ము అద్దం మీద ఇంకా ఉండగానే కొండాపురం దాటాం. జమ్మలమడుగు నుంచి కోటకు పదిహేను కిలోమీటర్లు. దారంతా బావ ఫొటోలు తీస్తూనే ఉన్నాడు, అక్క మాత్రం హాయిగా నిద్రపోయింది.

గండికోట గురించి అందరూ రాసేదే నేనూ రాస్తే విసుగు. పెన్న ఎర్రమల కొండల్ని కోసిన చోట అంచున నిలబడితే ఆ ఎర్రరాళ్లు ఎవరో చదరంగా కోసి పేర్చినట్టు కనిపిస్తాయి. అది ఫొటోలో ఎంత బాగుంటుందో దగ్గర నిలబడితే కాళ్లు అంత వణుకుతాయి. నాకు అంతకంటే నచ్చింది కోట లోపల మాధవరాయ స్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం ఒకదానికొకటి పిలిస్తే పలికేంత దగ్గరలో ఉండటం. ఈ కోటనేలిన పెమ్మసాని నాయకుల కాలంలో అంత పెద్ద కొట్టు నిండా గింజలు పోసి పెట్టుకున్నారంటే ముట్టడికి ఎంత భయపడేవారో అనిపించింది.

రాత్రి గుడారంలో బస. కారును బయలు నేల మీద వదిలేశాం. లోయ మీదుగా గాలి కొడుతోంది. ఫోను పదమూడు డిగ్రీలు చూపించింది. నెగడు దగ్గర వేయించిన బుడ్డలు ఒలుచుకుంటూ కూర్చున్నప్పుడు బావ తన ఊరి ముచ్చట మొదలుపెట్టాడు.

విన్నిపెగ్‌లో చాలా కార్లకు ముందు భాగం నుంచి ఒక వైరు వేలాడుతూ ఉంటుందట, చివర మూడు పిన్నుల ప్లగ్గు. వెళ్లిన కొత్తలో బావ అవన్నీ కరెంటు కార్లనుకున్నాడు. తీరా చూస్తే అది బ్లాక్ హీటర్. ఇంజిన్ దిమ్మలో నీళ్లు తిరిగే చోట ఒక హీటర్ కడ్డీ బిగించి ఉంటుంది. మన బకెట్లో నీళ్లు కాచుకునే రాడ్డు లాంటిదే, అది కూలెంటును, అంటే ఇంజిన్‌ను చల్లబరుస్తూ తిరిగే ఆ నీళ్లను, వేడి చేస్తుంది. చిన్న బండికి నాలుగు వందల వాట్ల నుంచి పెద్ద బండికి వెయ్యి దాకా లాగుతుంది, అంటే ఇంచుమించు ఇస్త్రీ పెట్టె అంత. రాత్రంతా పెట్టక్కర్లేదు, బయల్దేరడానికి రెండు మూడు గంటల ముందు వేసుకునేలా టైమర్ పెట్టుకుంటే చాలు. ఆఫీసు పార్కింగుల్లో కూడా వరసగా ప్లగ్గు స్తంభాలుంటాయట, మన గుడి ముందు చెప్పుల స్టాండ్లలాగా.

"అది లేకపోతే ఏమవుతుంది?" అని అక్కనే అడిగింది, పన్నెండేళ్లుగా అక్కడే ఉంటున్న మనిషి. ఇంట్లో ప్లగ్గు పెట్టే పని ఎవరిదో అప్పుడే అర్థమైంది.

ఇంజిన్ ఆయిల్ బెల్లం పాకమవుతుంది, బ్యాటరీ బలం సగానికి పడిపోతుంది, అంటే తిప్పడం కష్టమైన రోజే తిప్పే శక్తి తక్కువ అన్నాడు బావ. రాత్రంతా ఒకేచోట నిలబడ్డ టైర్లు కింద చదునైపోయి మొదటి మైలు దాకా ఎడ్లబండిలా ఎత్తేస్తాయట. ఒకసారి బావ ప్లగ్గు తీయడం మరిచిపోయి రివర్సు చేసి, వైరుతో పాటు గోడ మీది సాకెట్టునూ పీక్కుపోయాడు. ఆ ముక్క అక్క చెప్పింది.

"మీకు ఈ బాధల్లేవురా, అదృష్టవంతులు" అన్నాడు బావ. నేను సంతోషంగా నిద్రపోయాను.

తెల్లవారి సూర్యోదయం చూసి, బెలుం గుహలకు ఎండెక్కక ముందే చేరాలని ఆరున్నరకు కారెక్కాం. తాళం తిప్పాను. డాష్‌బోర్డు మీద తీగచుట్ట బొమ్మలా ఉండే హీటర్ లైటు వెలిగి ఆరింది. సెల్ఫ్ కొట్టాను. ఇంజిన్ తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. వెనక తెల్లటి పొగ. మళ్లీ కొట్టాను. ఐదోసారికి సెల్ఫ్ గొంతు కూడా బొంగురుపోయింది. వెనక సీట్లో బావ గట్టిగా ఊపిరి బిగబట్టడం అద్దంలో కనిపించింది. నవ్వాపుకుంటున్నాడు.

డీజిల్ ఇంజిన్లో నిప్పురవ్వ ఉండదు. పిస్టన్ నొక్కిన గాలి బాగా వేడెక్కి, అందులోకి చిమ్మిన డీజిల్ దానంతట అదే అంటుకోవాలి. ఇనుము చల్లబడి ఉంటే ఆ వేడిని ముందు ఇనుమే తాగేస్తుంది. నా బండి లాంటి పాత ఇంజిన్లలో డీజిల్ ముందు ఒక చిన్న గదిలో పడుతుంది కాబట్టి తాగే గోడలు ఇంకా ఎక్కువ. అందుకే ఆ గదిని ముందే వేడెక్కించడానికి ఒక్కో సిలిండర్‌కు ఒక హీటర్ ప్లగ్గు, డాష్‌బోర్డు మీది లైటు వాటిదే. ఆ తెల్లపొగ కాలని డీజిలే. వారం రోజులుగా బండి నాతో చెబుతున్నది ఇదే.

అక్కడ టీ కొట్టు పెద్దాయన మా తంటా చూసి గ్లాసులు కడగడం ఆపి వచ్చాడు. "సెల్ఫ్ కొట్టాకు సామీ, బ్యాటరీ పూడుస్తుండావ్" అన్నాడు. మిలిటరీలో డ్రైవరుగా చేశాడట, లేహ్ వైపు లారీలు తోలాడట. ఆయన బానెట్ ఎత్తిన తీరులోనే అది తెలిసింది, వైద్యుడు నాడి పట్టినట్టు ఇంజిన్ తలకాయ మీద అరచేయి ఆనించి కాసేపు ఊరుకున్నాడు.

తర్వాత టీ నీళ్ల పెద్ద గిన్నె తెప్పించాడు. గోనెసంచి మడిచి అందులో ముంచి, పిండి, ఆవిర్లు కక్కుతున్నదాన్ని ఇంజిన్ హెడ్డు మీద పరిచాడు. చల్లారితే మళ్లీ ముంచి మళ్లీ పరిచాడు. బావ ఉత్సాహంగా మిగతా నీళ్లు పైన పోయబోతే చేయి పట్టుకుని ఆపాడు. "డీజిల్ పంపు మీద పడితే బిగుసుకుంటాది. ఒకేసారి మరిగే నీళ్లు పోయగూడదు, యా ఇనుము మీదైనా."

సంచి పని చేస్తుండగా లేహ్ ముచ్చట్లు చెప్పాడు. అక్కడ చలికి డీజిలే మైనంలా గడ్డకట్టేదట. రాత్రి రెండు గంటలకొకసారి వంతులవారీగా లేచి ఇంజిన్లు తిప్పి పడుకునేవాళ్లట. పొద్దున ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపు కింద స్టవ్ పెట్టేవాళ్లట. మైనస్ 33 దాకా పారే చలికాలపు డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ లడఖ్ కోసం తెచ్చింది 2019లో, ఈయన రిటైరయ్యాక. ఆ సంగతి చెబితే, "మేం పోయినాక అన్నీ వచ్చె" అని నవ్వాడు. బావ బ్లాక్ హీటర్ గురించి చెప్పాడు. పెద్దాయన శ్రద్ధగా విని, "కరెంటు ఉంటే అట్లే, ల్యాకుంటే ఇట్లే" అని సంచి తిరగేశాడు.

పావుగంటయ్యాక కారును కొట్టు పక్కన వాలు వైపు తిప్పించాడు. రాత్రి బండిని వాలులో ముక్కు కిందికి పెట్టి ఆపడం ఇక్కడి ట్రాక్టరోళ్లందరికీ తెలుసునట. కారున్నవాళ్లే మరిచిపోయారని దెప్పాడు. తాళం ఆన్, రెండో గేరు, క్లచ్ నొక్కి పట్టాను. బావ, అక్క, పెద్దాయన మనవడు తోశారు. వేగం అందుకోగానే క్లచ్ వదిలాను. బండి ఒక కుదుపు కుదిపి, రెండు సిలిండర్లతో ఎక్కిళ్లు పెట్టి, మూడోది కలిసి, చివరికి నాలుగోదీ అందుకుంది. అద్దంలో చూస్తే తెల్లపొగలో బావ స్వెటర్ ఒక్కటే కనిపించింది. డబ్బులిస్తే పెద్దాయన టీలకు మాత్రం తీసుకున్నాడు.

జమ్మలమడుగులో ఒక మెకానిక్ కుర్రాడు నాలుగు హీటర్ ప్లగ్గులూ ఊడదీశాడు. పెన్సిల్ ముక్కంత ఉన్నాయి, మసి పట్టి. ఒక్కోదాన్ని పట్టుకారుతో పట్టుకుని బ్యాటరీకి కలిపాడు. మొదటిది చలనం లేదు. రెండోది లేదు. మూడోదానికి కొన మీద ముందు నీలం ఛాయ వచ్చింది, తర్వాత బీడీ పీల్చినట్టు ఎర్రబడి ఆ ఎరుపు మెల్లగా కిందికి దిగింది. నాలుగోది మళ్లీ లేదు. ఒక్క ప్లగ్గుతో వారం నడిపానన్నమాట, అదీ ఇంటి గోడ వారగా గాలి తగలకుండా పెట్టబట్టి. లైటు వెలుగుతోంది కదా అని నమ్మాను. ఆ లైటు ప్లగ్గు బాగోగులు చెప్పదన్నా, ఎంతసేపు ఆగాలో మాత్రమే చెబుతుందన్నాడు కుర్రాడు. కొత్తవి బిగించాక తాళం తిప్పితే సగం చుట్టులోనే అందుకుంది.

బెలుం చేరేసరికి మధ్యాహ్నమైంది. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న గుహలు, అందులో సగం దాకా నడవనిస్తారు. లోపలికి దిగిన కొద్దీ ఉక్క. పాతాళగంగ దగ్గరికొచ్చేసరికి బావ ముఖం మీద చెమట కారుతోంది. అనంతపురంలో దిగిన రోజు నుంచి వదలని స్వెటర్ విప్పి అక్క చేతికిచ్చాడు.

"కారును రాత్రికి ఇక్కడ పెట్టుకుని ఉండాల్సిందిరా" అన్నాడు.