ట్రెంట్ బ్రిడ్జ్ నుంచి ఓల్డ్ ట్రాఫోర్డ్ దాకా, మన అమ్మాయిల వెనకాల

2025 వేసవిలో ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్ళంతా మగవాళ్ళ టెస్టుల గోలలో పడ్డారు. లీడ్స్‌లో ఐదు సెంచరీలు కొట్టి కూడా ఎలా ఓడిపోయామన్నదే ఆఫీసులో, గుడిలో, వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. మన మహిళల జట్టు కూడా ఇక్కడే ఉంది, ఐదు టీ20లు, మూడు వన్డేలు ఆడుతోంది అంటే "ఓ, అవునా" అనేసి మళ్ళీ ఫాస్ట్ బౌలర్ బుమ్రాని ఎన్ని టెస్టులు ఆడించాలన్న దగ్గరికే వెళ్ళిపోయేవారు. పోనీలెండి, వాళ్ళు రాకపోవడం మాకే మంచిదయింది. టెస్టుకి ఒక్క మనిషి టికెట్ పెట్టే డబ్బుతో ఇంటిల్లిపాదీ వెళ్ళి, మంచి సీట్లలో కూర్చుని చూసొచ్చాం.

మేముండేది లెస్టర్‌లో. జూన్ 28, శనివారం, మొదటి టీ20 నాటింగ్‌హామ్‌లో, రైలెక్కితే అరగంట ప్రయాణం. నేను, మా ఆవిడ, పాప, మా బావ. బావకి క్రికెట్ మీద కన్నా కడప మీద ప్రేమ ఎక్కువ. మాది ప్రొద్దుటూరు, జట్టులో కొత్తగా వచ్చిన శ్రీ చరణిది అదే జిల్లాలో యర్రమల్లె. ఏప్రిల్‌లో కొలంబోలో వన్డేల్లో అడుగుపెట్టింది కానీ ఇండియాకి టీ20 ఇంకా ఆడలేదు. ఆడిస్తారో లేదో చివరిదాకా తెలియదు. "ఆడియ్యకపోతే పాయె, బెంచీ మీద కూర్చున్నా చూసొద్దాం పా" అన్నాడు బావ. అదీ మా ప్రయాణానికి కారణం.

నాటింగ్‌హామ్ స్టేషన్‌లో దిగితే గ్రౌండ్‌కి బస్సు కూడా అక్కర్లేదు. లండన్ రోడ్ పట్టుకుని నడిస్తే ఎడమ పక్కన నాట్స్ కౌంటీ ఫుట్‌బాల్ మైదానం, తర్వాత ట్రెంట్ నది, వంతెన దాటగానే నది ఒడ్డునే నాటింగ్‌హామ్ ఫారెస్ట్ వాళ్ళ సిటీ గ్రౌండ్, దాని వెనకాలే మనం వెళ్ళాల్సిన ట్రెంట్ బ్రిడ్జ్. మూడు మైదానాలు ఒకదానికొకటి కూతవేటు దూరంలో. ఎండగా ఉంది, వంతెన మీద నీలం జెర్సీలు కనబడటం మొదలైంది. వీపు మీద చాలావరకు 18, కోహ్లీది అనుకుంటాం కదా, దగ్గరికొచ్చి చూస్తే సగం మందికి మన ఓపెనర్ స్మృతి మంధాన పేరుంది. అబ్బాయిలు కూడా వేసుకున్నారు, అది చూసి నాకు భలే ముచ్చటేసింది.

గేటు దగ్గర సంచులు వెతికే ఆయన మా ఆవిడ తెచ్చిన చిత్రాన్నం డబ్బా మూత తీయించాడు. పోపు వాసన గుప్పుమంది. ఆయన లోపలికి తొంగి చూసి, పల్లీలని చూపించి ఇవేంటని అడిగి, మూత పెట్టి పంపేశాడు. వెనకాల లైన్లో ఉన్న గుజరాతీ కుటుంబం దగ్గర థేప్లాల పొట్లం ఉంది, వాళ్ళు నవ్వారు. లోపల చిప్స్ రేటు చూశాక ఆ డబ్బా విలువ ఇంకా బాగా తెలిసింది.

కెప్టెన్ హర్మన్‌ప్రీత్ తలకి దెబ్బ తగిలి ఆ మ్యాచ్‌కి లేదు, టాస్‌కి స్మృతి వచ్చింది. ఇంగ్లండ్ గెలిచి మనకి బ్యాటింగ్ ఇచ్చింది. పదకొండు మంది పేర్లు పెద్ద తెర మీద వస్తుంటే బావ నిలబడిపోయాడు. చరణి పేరు వచ్చింది. ఆ తర్వాత ఆయన స్మృతి ఇన్నింగ్స్ చూశాడో లేదో నాకైతే అనుమానమే. చూడకపోతే ఆయన కర్మ, ఎందుకంటే ఆ రోజు ఆవిడ కొట్టిన కొట్టుడు టీవీలో సగమే తెలుస్తుంది. కవర్ మీదుగా లేపి కొట్టినప్పుడు బ్యాట్ శబ్దం మా స్టాండ్ దాకా వినబడేది, ఫీల్డర్ కదలకముందే జనం లేచేవాళ్ళు. 51 బంతుల్లో వంద, మొత్తం 62 బంతుల్లో 112. టీ20ల్లో ఆవిడకి అదే మొదటి సెంచరీ, దాంతో మూడు ఫార్మాట్లలోనూ సెంచరీ ఉన్న మొదటి భారత మహిళ అయింది. హర్లీన్ కూడా 23 బంతుల్లో 43 దంచింది. స్కోరు 210.

మా ముందు వరసలో ఏదో ఊరి క్లబ్ నుంచి వచ్చిన ఇంగ్లిష్ ఆడపిల్లలు, అందరూ పది పన్నెండేళ్ళ వాళ్ళు, క్లబ్ టీషర్టుల్లోనే ఉన్నారు. స్మృతి ఫోర్ కొడితే వాళ్ళూ చప్పట్లు. కాసేపటికి మా పాప వాళ్ళ పక్కకి వెళ్ళి కూర్చుంది, 4, 6 అని రాసిన అట్టలు పంచుకున్నారు. మగవాళ్ళ మ్యాచ్‌లకి నేను వెళ్ళినప్పుడు సాయంత్రమయ్యేసరికి బీరు గ్లాసులు, అరుపులు, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని కాస్త టెన్షన్‌గానే ఉండేది. ఇక్కడ ఆ బెంగ లేదు. అలాగని బొత్తిగా నిశ్శబ్దమేమీ కాదు, ఢోలు మోగుతూనే ఉంది.

ఇంగ్లండ్ బ్యాటింగ్‌లో కెప్టెన్ నాట్ సివర్-బ్రంట్ ఒక్కతే నిలబడి 66 కొట్టింది, మిగతావాళ్ళు వచ్చినట్టే వచ్చి వెళ్ళిపోయారు. చరణి చేతికి బంతి రాగానే బావ "కడపా!" అని అరిచాడు. ఆమె ఉన్నది మైదానం మధ్యలో, మేమున్నది బౌండరీ వెనక మెట్ల మీద, వినబడే దారే లేదు. కానీ రెండు వరసల కింద నుంచి ఎవరో "అన్నా, ఏ ఊరు?" అన్నారు. వాళ్ళది నంద్యాలట. అంతే, ఆ తర్వాత ప్రతి బంతికీ రాయలసీమ కామెంటరీ నడిచింది. ఎడమచేతి స్పిన్, బంతిని భయపడకుండా పైకి వదులుతుంది, కొట్టమని ఊరిస్తుంది, కొట్టబోతే చిక్కుతారు. 3.5 ఓవర్లు, 12 పరుగులు, 4 వికెట్లు, మొదటి టీ20లో! ఇంగ్లండ్ 113కే ఆలౌట్, 97 పరుగుల తేడాతో గెలిచాం. మర్నాడు పేపర్లలో ఫొటో స్మృతిదే వేశారు, వేయాల్సిందే కూడా, కానీ ఈ టూర్ మొత్తం చూశాక నా లెక్క వేరే. సిరీస్ గెలిపించింది స్పిన్నర్లు. దీప్తి, రాధ, స్నేహ్ రాణా, చరణి, ఒకరు కాకపోతే ఒకరు, ఇంగ్లండ్ వాళ్ళని ఊపిరి తీసుకోనివ్వలేదు.

బ్రిస్టల్, లండన్ ఓవల్ మ్యాచ్‌లు ఇంట్లోనే చూశాం. బ్రిస్టల్లో గెలిచాం. ఓవల్‌లో ఒక్క వికెట్టూ పోకుండా 137 దాకా వెళ్ళిన ఇంగ్లండ్‌ని 171 దగ్గర ఆపారు, మన హైదరాబాద్ అరుంధతి రెడ్డి మూడు వికెట్లు తీసింది, అయినా 5 పరుగుల తేడాతో మ్యాచ్ పోయింది. అంటే మాంచెస్టర్‌లో గెలిస్తే సిరీస్ మనది. బావ ఫోన్: "బుధవారం లీవు పెట్టు."

జులై 9. మధ్యాహ్నం కారులో బయల్దేరాం, ఎం6 మోటర్‌వే మీద ఎప్పటిలాగే ట్రాఫిక్. మ్యాచ్ ఉన్న రోజు గ్రౌండ్ దగ్గర కారు పెట్టాలనుకోవడం తెలివితక్కువ పని, అందుకని సేల్ వాటర్ పార్క్ దగ్గర పార్క్ చేసి ట్రామ్ ఎక్కి, ట్రాఫోర్డ్ బార్‌లో మారి వెళ్ళాం. ఓల్డ్ ట్రాఫోర్డ్ స్టాప్‌లో దిగితే గ్రౌండ్ పక్కనే. అదే పేరుతో మాంచెస్టర్ యునైటెడ్ స్టేడియం కూడా కాస్త అవతల ఉంది కాబట్టి, టాక్సీలో వెళ్ళేవాళ్ళు క్రికెట్ అని గట్టిగా చెప్పాలి.

సాయంత్రం ఆరున్నరకి మొదలు, అయినా తొమ్మిదిన్నర దాకా వెలుతురు. ఒకప్పుడు ఇక్కడ పిచ్ తూర్పు పడమరలుగా ఉండేదట, పొద్దువాలే ఎండ నేరుగా బ్యాటర్ కళ్ళలో కొట్టి ఆట ఆపాల్సి వచ్చేదట, అందుకే 2011 సీజన్‌కి ముందు ఉత్తర దక్షిణాలకి తిప్పేశారు. ఇది చెబితే బావ "అంటే వాస్తు సరిచేసుకున్నారన్నమాట" అన్నాడు.

మ్యాచ్ గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు, మనవాళ్ళు అంత శుభ్రంగా ఆడారు. రాధా యాదవ్ 15 పరుగులిచ్చి 2 వికెట్లు, చరణికి 2, ఇంగ్లండ్ 126. గజ్జల్లో గాయంతో నాట్ సివర్-బ్రంట్ ఆడలేదు, ఆ లోటు బాగా కనిపించింది. 17 ఓవర్లలో 6 వికెట్లతో కొట్టేశాం. ఒకటి కన్నా ఎక్కువ మ్యాచ్‌లున్న టీ20 సిరీస్‌ని మన మహిళలు ఇంగ్లండ్ మీద గెలవడం అదే మొదటిసారి. తిరుగు ట్రామ్‌లో ఊపిరాడనంత రద్దీ, ఎవరో ఢోలు వాయిస్తూనే ఉన్నారు, ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటింది, గురువారం పొద్దున మీటింగ్‌లో నా కెమెరా ఆన్ కాలేదు.

బర్మింగ్‌హామ్ ఎడ్జ్‌బాస్టన్‌లో ఐదో టీ20 చివరి బంతికి ఓడి సిరీస్ 3-2 అయింది. పది వికెట్లతో ప్లేయర్ ఆఫ్ ద సిరీస్ చరణి. తర్వాత వన్డేలు కూడా 2-1తో మనవే.

2026 జూన్‌లో మహిళల టీ20 ప్రపంచ కప్ ఇక్కడే, జూన్ 14న ఎడ్జ్‌బాస్టన్‌లో ఇండియా, పాకిస్తాన్, జులై 5న లార్డ్స్‌లో ఫైనల్. ఆ టికెట్లు ఇంత సులువుగా దొరకవు, ఈసారి "ఓ, అవునా" అన్నవాళ్ళే ముందు లైన్లో ఉంటారు. మేం మాత్రం అది అయిపోగానే జులైలో లార్డ్స్‌లో జరిగే మన అమ్మాయిల టెస్టు మీద కన్నేశాం, అక్కడ మహిళల టెస్టు జరగడం అదే మొదటిసారి. చరణి చేతిలో ఎర్ర బంతి చూడాలని బావ ఇప్పటికే కేలండర్‌లో గుర్తు పెట్టేశాడు.